తెల్లగెడ్డలో పొయ్యిరాళ్లు

మొన్న అరకు నుంచి దిగి వస్తూ ఘాట్‌రోడ్డు మలుపులో టీ కోసం బస్సు ఆపితే, వెదురుబియ్యం, తేనెసీసాలు అమ్మే దుకాణాల వరసలో ఒకాయన గులకరాళ్లు అమ్ముతూ కనిపించాడు. గుప్పెడు గుప్పెడు చొప్పున చిన్న వలసంచుల్లో కట్టి, నూనె రాసి నిగనిగలాడించి పెట్టాడు. "గులాబీ రంగుది ప్రేమకి మేడమ్, తెల్లది మనశ్శాంతికి, ఈ ఎర్రచుక్కలది కెంపు, ఇంట్లో ఉంటే జబ్బులు రావు" అని ఒక్కొక్కటీ నా చేతిలో పెడుతుంటే టీ చల్లారిపోయింది. గులాబీ రంగుది మేం పలకరాయి అనేది. పగిలినచోట అద్దంముక్కలా చదునుగా తళుక్కుమంటుంది. తెల్లది ఉత్త పలుగురాయి. ఆ కెంపులున్నది దానిమ్మరాయి, మా గెడ్డలో, అంటే కొండవాగులో, కాళ్లకి గుచ్చుకునేది. అదే చెప్పాను. ఆయన ఏమీ నొచ్చుకోలేదు. "మీరు కాలేజీలో పాఠాలు చెప్తారా మేడమ్?" అని అడిగాడు. "చెప్పను బాబూ. మా దొడ్డమ్మ పొయ్యి దగ్గర చదువుకున్నాను" అన్నాను.

ఆయన అబద్ధాలాడుతున్నాడని నాకు కోపమేమీ రాలేదు. రావడానికి నాకు హక్కూ లేదు. నేను చెప్పే మాటల్లో సగానికి సాక్షులు ఎప్పుడూ చచ్చిపోయినవాళ్లే ఉంటారని మా ఇంట్లోవాళ్లు అంటారు. నన్ను నొప్పించిందల్లా, ఆ మనిషి రాయి తెలియకుండా రాయి మీద కథ అల్లడం. అది మా ఇంటా వంటా లేదు. ముందు నిజం చేతికి తగలాలి. ఆ తర్వాత దాన్ని ఎటు వంచుకుంటావో నీ ఇష్టం. ఈ సూత్రం మా దొడ్డమ్మది. ఆవిడ ఒకసారి గెడ్డలో ఎలుగుబంటి ఎదురైతే గులకరాయి తీసి, "ఇదిగో ఇది పలుగు, తగిల్తే నుదురు సిట్లుద్ది, ఎల్లిపో" అని చెప్పిందని, ఎలుగు ఆ రాయిని వాసన చూసి, నిజమేనని తలాడించి వెనక్కి తిరిగిందని మా ఊళ్లో చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్లలో మొదటిదాన్ని నేనే.

దొడ్డమ్మ మా అమ్మకి అక్క. మాది జి.మాడుగుల వైపు కొండమీద ఊరు. మా అమ్మ పొద్దున్నే పోడుపొలానికి పోతే నన్ను కాసిందీ, తిట్టిందీ, పెంచిందీ ఆవిడే. అడ్డపొగ వేసేది. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని, దాన్ని తియ్యకుండానే మాట్లాడేది, ఊదకుండానే పొయ్యి రాజేసేది. ఆ వంటిల్లు ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. దూలానికి వేలాడే మొక్కజొన్న కంకులకు పట్టిన పొగచూరు, అటకమీద ఆరే పిప్పళ్ల ఘాటు, కుండలో ఉడికే చోడి అంబలి, బూడిద మీద చల్లిన పేడనీళ్లు, వీటన్నిటి మీదా చుట్ట వాసన. తెల్లారకముందే పొయ్యిలో బూడిద తీసి, మూడు రాళ్లకీ చెయ్యి ఆనించి చూసేది. జబ్బుమనిషి నుదుటిమీద చెయ్యి వేసినట్టే ఉండేది. రాయి నులివెచ్చగా ఉంటే "బాగున్నాడు" అనేది. రాయి ఆవిడకి ఎప్పుడూ 'వాడే'.

ఆవిడకి అంత శ్రద్ధ ఎందుకంటే, మా చుట్టుపక్కల ఊళ్లలో ఎవరు కొత్త కాపురం పెట్టినా పొయ్యిరాళ్లు ఏరిపెట్టేది ఆవిడే. గెడ్డలో రాయి నీటికి అరిగి గుండ్రంగా, ముచ్చటగా ఉంటుంది. చూసినవాళ్లు ఎత్తుకొచ్చి పొయ్యి పెట్టేస్తారు. కానీ కొన్ని రాళ్లు లోలోపల నీళ్లు తాగి ఉంటాయి. మంట తగిలితే ఆ నీరు ఆవిరై బయటికి దారి దొరక్క రాయిని పగలగొడుతుంది. పేలిన ముక్క కంట్లో పడ్డ మనుషులున్నారు. కుండ కూలి వేడి గంజి కాళ్లమీద పడ్డవాళ్లున్నారు. అందుకే మా వైపు పెళ్లిలో ఒక పరీక్ష పెట్టేవాళ్లు. పెళ్లికూతురి తరఫువాళ్లు పెళ్లికొడుకు ఊరి గెడ్డలోనే రాళ్లు ఏరాలి. వాళ్ల నీళ్లు, వాళ్ల రాళ్లు, మన ఎంపిక. కొత్త ఇంట్లో అందరి ముందూ పొయ్యి పెట్టి, కుండనిండా అంబలి కాచి, అది పొంగి పొర్లేదాకా ఎవరూ ముద్ద ముట్టకూడదు. పొయ్యి నిలిస్తే ఆ పిల్ల నిలకడైన పిల్ల. రాయి పేలితే పెళ్లి ఆగదు గానీ, ఆ పిల్లకి 'పొయ్యి కూలిన కోడలు' అని పేరు పడిపోతుంది. మనవలు పుట్టినా ఆ పేరు పోదు. మా ఊళ్లో అలాంటి ముసలమ్మ ఒకామె ఉండేది. ఆమె అసలు పేరు నాకు ఇప్పటికీ తెలియదు.

నాకు చదువు చెప్పడం దొడ్డమ్మ గెడ్డలో స్నానాల దగ్గర మొదలుపెట్టింది. "సేతులు యెనక్కి పెట్టు" అనేది. వెనకనుంచి గులకరాయి ఒకటి అరచేతిలో పెట్టేది. చూడకుండా పేరు చెప్పాలి. తప్పితే నీళ్లబిందె నాదే. పలుగు చల్లగా, సబ్బులా నున్నగా ఉంటుంది. కత్తిమొనతో గీస్తే గీత రాయిమీద పడదు, కత్తి ఇనుమే రాయికి అంటుకుంటుంది. చీకట్లో రెండు పలుగుల్ని రాపాడిస్తే లోపల మిణుగురు మెరిసినట్టు వెలుగుతుంది, కాలిన వాసన వస్తుంది. దానిమ్మరాయిలో ఎర్రగింజలు మిగతా రాయికన్నా గట్టివి. నీళ్లు మెత్తటి భాగాన్ని అరగదీస్తే అవి గరుగ్గా పైకి తేలి ఉంటాయి, బొటనవేలికి తెలుస్తాయి. అదే రాయిలో తెల్లటి నారపోగుల్లాంటి గీతలుంటే నారరాయి. కాకిబంగారం పొరలు పొరలుగా గోటికి లేచొస్తుంది. మసిరాయి వేళ్లకి నల్లగా అంటుకుంటుంది. దాన్ని అరచేతిలో దాచుకుని, మాటల్లో పెట్టి మా దొడ్డయ్యకి మీసాలు దిద్దిన ఘనత నాది. ఆయన ఆ మీసాలతోనే సంతకి వెళ్లి వచ్చాడు. సంతలో అందరూ తనని ఎప్పుడూ లేనంత మర్యాదగా పలకరించారని సంతోషపడ్డాడు కూడా.

వీటన్నిటిలో పొయ్యికి పనికొచ్చేది ఒక్కటే. దొడ్డమ్మ దాన్ని నూనెరాయి అనేది. నలుపుకీ ముదురు ఆకుపచ్చకీ మధ్య రంగు. పగిలినచోట నూనెచెయ్యి తగిలినట్టు జిడ్డుగా మెరుస్తుంది. చేతిలో బరువుగా కూర్చుంటుంది. రాయితో కొడితే ఖంగున పలుకుతుంది. తడిపి ఎండలో పెడితే చూస్తుండగానే ఆరిపోతుంది, ఎందుకంటే అది నీళ్లు తాగదు. "నీళ్లు తాగనోడే నిప్పుకాడ నిలబడతాడు" అనేది దొడ్డమ్మ. పలుగు ఎంత గట్టిదైనా సెగకి టప్పున చిట్లుతుంది. కాకిబంగారం ఉన్నది పొరలుగా ఊడిపోతుంది. దానిమ్మరాయి పుచ్చి తెల్లమట్టి చేరినదైతే దాన్ని నమ్మనే కూడదు. "సిన్నరాయి సెప్పినమాటే పెద్దరాయీ సెప్పుద్ది. గులకని సదవడం వొస్తే గుట్టని సదివినట్టే" అనేది. నాకు బడిలో వాచకం కన్నా ముందే గెడ్డ చదవడం వచ్చింది.

దొడ్డమ్మ కూతురు చిలకమ్మకి పెళ్లి కుదిరింది. నాకు అక్క వరస. సంబంధం బొర్రా గుహల అవతలి కొండల్లో. అంతదూరం మా వాళ్లెవరూ పిల్లనివ్వలేదు. ఆ ఊరి గెడ్డని మాలో ఎవరూ చూడలేదు. దాన్ని తెల్లగెడ్డ అంటారని మాత్రం విన్నాం. మేం బయలుదేరడానికి వారం ముందు దొడ్డమ్మకి మన్యం జ్వరం పట్టుకుంది, బయలుదేరే పొద్దునకీ దిగలేదు. ఎన్ని గొంగళ్లు కప్పినా మంచం గడగడలాడుతోంది. నోట్లో చుట్ట లేకుండా ఆవిడని చూడటం నాకు అదే మొదలు.

"పెళ్లి ఆపుదుమా?" అన్నాడు దొడ్డయ్య.

"ఎందుకాపడం? రాళ్లు ఇది ఏరుద్ది" అని వణుకుతున్న వేలితో నన్ను చూపించింది.

"దీనికా అప్పసెప్పడం! ఇది నోరిప్పితే అబద్దమే కదే! మొన్న బళ్లో మేస్టారికి, మా ఇంట్లో పులి పాలిత్తందని సెప్పింది."

"నోరు అబద్దం ఆడుద్ది. సెయ్యి ఆడదు" అంది దొడ్డమ్మ. నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగింది. జ్వరంతో ఆ చెయ్యి పొయ్యిరాయిలాగే కాలుతోంది. "సిలకమ్మ పేరు నీ సేతిలో ఎడతన్నాను, ఇంటన్నావా? రంగు నమ్మీకు. ఎవులేటన్నా నమ్మీకు. నీ సెయ్యేటంతాదో అది ఇను."

దారి పొడుగునా నాకు ఆ మాటలే. చిలకమ్మ నా పక్కనే నడుస్తూ, చుట్టూ ఎవరూ వినకుండా, "ఒలే, కూలదు కదే?" అని అడుగుతూనే ఉంది. "కూలదప్పా" అని చెబుతూనే ఉన్నాను. నా జన్మలో తడబడుతూ చెప్పిన మాటలు అవే.

ఆ ఊరు చేరేసరికి డప్పులు, కిరిడీలు మోగుతున్నాయి. అడ్డాకుల విస్తళ్లు కుట్టిన కట్టలు అరుగుమీద ఎత్తుగా పేర్చి ఉన్నాయి. పెళ్లికొడుకు తల్లి బోడమ్మ పెద్ద మనిషి, పెద్ద గొంతు, పెద్ద మనసు. మా కాళ్లు కడిగించి, కొత్తింట్లోకి తీసుకెళ్లి చూపించింది. అక్కడ పొయ్యిగుంట పక్కన మూడు రాళ్లు సిద్ధంగా ఉన్నాయి. కోడిగుడ్డులా నునుపుగా, నల్లగా, ఒకే ఈడువి. పసుపు పూసి బొట్లు పెట్టింది. "వొదినకి జొరమని కబురొచ్చింది. పోనీ పాపం, మీకు తిప్పలెందుకని నానే గెడ్డలో దిగి నెత్తిమీదెట్టి తెచ్చినాను. పెళ్లంటే సల్లగుండాలని మూడురోజులు పసుపునీళ్లలో నానబెట్టినాను" అంది. రాళ్లు నీళ్లలో నానబెట్టిందంట! మా దొడ్డయ్య మాత్రం బరువు దిగిన ఎద్దులా నిట్టూర్చి, "నీది బంగారం లాంటి మనసప్పా" అన్నాడు.

నేను కూర్చుని ఒక రాయి ఎత్తాను. నూనెరాయి కాదని నా చెయ్యి చెప్పింది. చిన్నరాయితో తడితే డబ్బున, ఉత్తకుండ పలికినట్టు పలికింది. అడ్డాకులు కోసే కత్తి తీసుకుని అడుగున గీశాను. నలుపంతా చర్మమే. నాచూ నీటిమరకా కలిసి పట్టిన పొర. దాని కింద తెల్లటి గీత, బలపంతో గీసినట్టు. సంతలో సున్నం కాల్చడానికి రాయి కొనేటప్పుడు దొడ్డమ్మ గీకిన పొడిమీద పులుపు పిండి చూసేది. అప్పటికి చేతిలో పులుపు లేక నాలుక ఆనించాను, సుద్ద రుచి తగిలింది. చుట్టూ నవ్వులు.

"ఏటే గుంటా, పెళ్లిబోజనం దాకా ఆగనేకపోతన్నావేటి? రాయి నాకతన్నావు?" అంది ఒకామె.

దొడ్డయ్య నా వీపుమీద పొడిచాడు. "ఊరుకోయే. ఆవిడ నెత్తిమీదెట్టి మోసిందంటంది. కాదంటే మొకం మీద కొట్టినట్టు. బేగి ఎట్టీ" అని గుసగుసగా అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. కాదంటే ఆ తల్లికి అందరిముందూ అవమానం. చిలకమ్మ ఆ ఇంట్లోనే బతకాలి. ఔనంటే, సున్నపురాయి, పైగా నీళ్లు తాగిన సున్నపురాయి, పెళ్లిమంట మీద పేలకుండా ఉండదు. పేలకపోయినా నాలుగు రోజుల్లో కాలి పొడైపోతుంది. చిలకమ్మ గుమ్మంలో నిలబడి నావైపే చూస్తోంది. అంబలికుండకి సున్నంబొట్లు పెడుతున్నారు. అప్పటిదాకా నేను ఆడిన అబద్ధాలన్నీ సరదాకి ఆడినవి. ఆ క్షణంలో నాకు మొదటిసారి ఒక అబద్ధంతో పని పడింది.

"ఓలత్తా," అన్నాను బోడమ్మతో, గొంతు వీలైనంత పెద్దది చేసుకుని, "ఈ రాళ్లు మామూలు రాళ్లనుకున్నావేటి? ఇవి మీ గెడ్డతల్లి కూతుళ్లు."

డప్పులు ఆగాయి.

"నమ్మకపోతే సూడు." విస్తళ్ల దగ్గరున్న నిమ్మకాయ కోసి, గీకిన చోట తెల్లపొడి మీద పిండాను. పొడి బుసబుసమని నురగ కక్కింది. ఆడవాళ్లు ఒక్కసారి మీదికి వంగారు. "సూసినారా? పొయ్యిలో ఎడతామని ఇంది. అలిగింది. ఏడుత్తంది. మా ఊరి రాయి మీద ఎంత పిండండి, కిక్కురుమనదు. ఆడపడుచుల్ని ఎవులైనా పొయ్యిలో ఎడతారేటత్తా? కోడలు కొత్తింటికొచ్చినప్పుడు ఆడపడుచు ఎక్కడుంటాది?"

"గుమ్మంకాడ," అంది బోడమ్మ నెమ్మదిగా. "అడ్డంగా."

"మరి అక్కడ కూకోబెట్టాల. అందుకే నీ నెత్తిమీదెక్కి ఇంతదూరం వొచ్చినాయి. నువ్వు పిల్చినావు, అవొచ్చినాయి. పొయ్యికి మొగరాళ్లు కావాల. ఎంత కాల్చినా నోరిప్పకూడదు."

"మొగోళ్లలో అలాటోళ్లున్నారేటి?" అని ఎవరో అంటే, "మా ఇంటాయన నేడా? కాల్చి వాత పెట్టినా ఉలకడు" అంది బోడమ్మ. ఇల్లంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వులోనే ఆవిడ మూడు రాళ్లనీ ఒడిలో పెట్టుకుని లేచి, గుమ్మం పక్కన తనే వరసగా కూర్చోబెట్టి, మళ్లీ పసుపు రాసింది. ఆవిడ ముఖంలో చిన్నబోవడం కాదు, దేవుడు పలికినంత వెలుగు. నాకు ఇప్పటికీ తెలియదు, ఆవిడ నమ్మిందో, నన్ను కాపాడటానికి నమ్మినట్టు నటించిందో.

కానీ పని సగమే అయింది. తెల్లగెడ్డలోకి దిగితే ఎటు చూసినా సున్నపురాయే. నల్లచొక్కా తొడుక్కున్నవీ, తొడుక్కోనివీ. నేను పెద్దరాళ్ల జోలికి పోలేదు. మొలలోతు నీళ్లలో నిలబడి గుప్పెడు గుప్పెడు గులకలు తీసి చేత్తో చదివాను. తెల్లవి, తెల్లవి, ఒక పలుగు, మళ్లీ తెల్లవి. ఒడ్డునుంచి దొడ్డయ్య "అయిందా? అయిందా?" అంటున్నాడు. గెడ్డ వెంబడే ఎగువకి నడిచాను. ఒక వంక వచ్చి కలిసేచోట, గుప్పెట్లో బొటనవేలికి గరుగ్గా తగిలింది. దానిమ్మగింజ. దాని వెనకే ఉసిరికాయంత నల్లగులక ఒకటి, పగిలిన పక్కన నూనె మెరుపు. ఇది సున్నపుకొండ బిడ్డ కాదు. ఆ వంక ఏ కొండ నుంచి వస్తోందో ఆ కొండది. వంకలోకి తిరిగితే అడుగడుక్కీ గులకలు పెద్దవవుతూ వచ్చాయి. ఉసిరికాయంతవి, కొబ్బరికాయంతవి, తర్వాత బండ కింద ఒదిగి కూర్చున్న అసలైన నూనెరాళ్లు. కొట్టి విన్నాను. కత్తి గీసి చూశాను. నీళ్లు చల్లి ఎండలో పెడితే, నేను చెంగు పిండుకునేలోపు ఆరిపోయాయి. నిమ్మచెక్క పిండితే నోరు మెదపలేదు. ఒకదాన్ని దొడ్డయ్య మోశాడు, ఒకదాన్ని నేను. మూడోది మోయడానికి వెనకే వచ్చిన బోడమ్మ, "నాది ఎక్కించు" అని నెత్తి వంచింది.

పొయ్యి రాజుకుంది. ఎండు వెదురు, చింతకట్టె. కుండ అడుగున నాలుకలు చాచింది మంట. చిలకమ్మ కుండలో గరిటె తిప్పుతోంది గానీ ఆమె కళ్లు రాళ్లమీదే ఉన్నాయి. ఇంతలో 'ఠాప్' మని పేలింది! జనం వెనక్కి ఒరిగారు. దొడ్డయ్య కళ్లు మూసుకున్నాడు. చిలకమ్మ గరిటె వదలలేదు. నేను మోకాళ్లమీద వంగి చూశాను. వెదురుకణుపు. మంటలో వెదురుకణుపు పేలింది, అంతే. రాళ్లు మూడూ ఎక్కడివక్కడే ఉన్నాయి. కాసేపటికి అంబలి అంచు దాటి పొంగి, రాళ్ల నెత్తిమీదుగా చుయ్ మంటూ కారింది. బోడమ్మ మొదటి దొప్ప నాకే పోసింది. చిలకమ్మ నావైపు చూసిన చూపు కోసం నేను ఇంకో వంద గెడ్డలు వెతకమన్నా వెతుకుతాను.

ఇంటికి వచ్చేసరికి దొడ్డమ్మ జ్వరం దిగి, గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నోట్లో చుట్ట. చేతులు వెనక్కి పెట్టింది. నేను ఆ వంకలో ఏరిన ఉసిరికాయంత గులకని ఆమె అరచేతిలో పెట్టాను. వేళ్లతో తిప్పింది. గోటితో గీరింది. "నూనెరాయి" అంది. ఇంకోసారి తిప్పి, "మన గెడ్డది కాదు" అంది. అప్పుడు నవ్వింది. నేను చెప్పిన ఆడపడుచుల కథంతా దొడ్డయ్య చెబితే, "అది నాను నేర్పనేదే" అని ఆశ్చర్యపోయి, మర్నాటి నుంచి సంతలో ఎదురైన ప్రతివాళ్లకీ అది కూడా తానే నేర్పినట్టు చెప్పుకుంది. నాకేం బాధ లేదు. గురువుకి ఆ మాత్రం వాటా ఉండాలి.

ఇప్పుడు మా కొండల్లో మూడురాళ్ల పొయ్యి వెతికితే దొరకదు. ప్రతి ఇంట్లో గ్యాస్. మంచిదే. పొగకి కళ్లు పోయిన ఆడవాళ్లని నేను ఎంతమందిని చూశానో! నూనెరాయి ఇప్పుడు క్రషర్లో పడి రోడ్డుకి కంకరవుతోంది. మా గెడ్డ గులకలు రిసార్టుల్లో పూలకుండీల చుట్టూ పరిచి ఉన్నాయి. వాటిమీద బూట్లతో నడిచే పిల్లలకి ఏ రాయి ఏదో తెలియకపోయినా వాళ్ల అంబలి, అంటే వాళ్ల నూడుల్స్, ఉడుకుతూనే ఉంటాయి. తెలియాల్సిన అవసరం తీరిపోయింది. అవసరం తీరిన చదువు కోసం నేను ఏడవను. కానీ ఇన్నేళ్లొచ్చినా కొత్తచోటికి వెళితే ముందు వంగి ఒక గులక తియ్యకుండా ఉండలేను. చేతికి అది ఏదో తెలిశాకే ఆ ఊరు నాకు పరిచయమైనట్టు.

పోయిన వేసవిలో చిలకమ్మ మనవడి పెళ్లికి ఆ తెల్లగెడ్డ ఊరికి వెళ్లాను. బోడమ్మ ఎప్పుడో పోయింది. ఊరంతా స్లాబు ఇళ్లు, డీజే, షామియానా. కొత్తదంపతుల ఇంటి గుమ్మంలో, టైల్సు మెట్టు పక్కన, పసుపు రాసిన మూడు నున్నటి రాళ్లు. పక్కింటి గుమ్మంలోనూ మూడు. ఆ వీధిలో ఏ ఇల్లు చూసినా మూడు. డిగ్రీ చదివిన కొత్తకోడలు నేను ఆగి చూడటం గమనించి, ఎంతో మర్యాదగా చెప్పింది. "ఇవి ఆడపడుచు రాళ్లు మామ్మా. గెడ్డతల్లి కూతుళ్లట. ఇంటికి కోడలు వచ్చేరోజు వీటిమీద నిమ్మకాయ పిండితే కన్నీళ్లు పెట్టుకుంటాయి. వీటిని నిప్పు దగ్గరికి తీసుకెళ్లకూడదు. ఈ ఊరు పుట్టినప్పటినుంచీ ఉందట ఈ ఆచారం, లోపలున్న మామ్మగారే చెప్పారు."

లోపల సోఫాలో కూర్చున్న చిలకమ్మ కిటికీలోంచి నన్ను చూస్తోంది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ భుజాలు కదులుతున్నాయి.

"మీ ఊళ్లో లేదా మామ్మా, ఇలాంటిది?" అని అడిగింది కోడలు.

నేను వంగి రాళ్లకి దణ్ణం పెట్టుకున్నాను. "మా ఊరికి అంత అదృష్టం ఎక్కడిదమ్మా" అన్నాను.